గొట్టంలో పోసేదీ మందే

ఐసీయూలో స్పృహ లేని మనిషికి ముక్కు గొట్టం గుండా ఏం పోస్తున్నారు, ఎంత పోస్తున్నారు, ఆ లెక్క ఎవరు రాస్తున్నారు? నెల్లూరు తీరంలో ప్రతి కుటుంబమూ అడగాల్సిన ప్రశ్న ఇది. ప్రతి ఆసుపత్రీ దీనికి జవాబు చెప్పాలి.

కావలి నుంచి ముత్తుకూరు దాకా సముద్రం వెంబడి ఉన్న ఊళ్ళలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే దారి నెల్లూరు పట్నానికే. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం కావచ్చు, వరిచేలో పాముకాటు కావచ్చు, పురుగుమందు విషం కావచ్చు, తెల్లవారేసరికి ఒక పక్క పడిపోయిన పక్షవాతం కావచ్చు. ప్రభుత్వ సర్వజనాసుపత్రికో, నారాయణ, అపోలో వంటి ఆసుపత్రులకో చేరుస్తారు. అక్కడా కుదరదంటే చెన్నైకో వెల్లూరుకో తీసుకెళతారు. రోగికి వెంటిలేటర్ పెట్టాక బయట కూర్చున్న వాళ్ళు చాలా సంగతులు ఆరా తీస్తారు. స్కానింగ్‌లో ఏం తేలింది, ఇంజెక్షన్ ఖరీదెంత, ఇంకెన్ని రోజులు అని అడుగుతారు. కడుపులోకి ఏమన్నా వెళుతోందా అని కూడా అడుగుతారు. ‘రైల్స్ ట్యూబులో పోస్తున్నాం’ అన్న మాట వినగానే ఊరట పడతారు. ఎంత పోస్తున్నారు, అందులో ఏముంది, నిన్నటి కంటే పెంచారా తగ్గించారా అని అడిగేవాళ్ళు అరుదు. అడిగినా కేస్ షీట్ చూసి జవాబు చెప్పగలిగే పరిస్థితి అన్నిచోట్లా లేదు.

ఈ కథనం వాదించేది ఒక్క విషయం. తీవ్ర అనారోగ్యంలో ఉన్న మనిషికి గొట్టం గుండా ఇచ్చే ఆహారం యాంటీబయాటిక్ లాంటి చికిత్సే. దానికి మొదలుపెట్టే వేళ ఉంది, మోతాదు ఉంది, పెంచే క్రమం ఉంది, ఆపాల్సిన సందర్భం ఉంది, దుష్ఫలితాలూ ఉన్నాయి. కాబట్టి డాక్టరు దాన్ని మందుతో సమానంగా రాయాలి, సిస్టర్ కొలిచి ఇవ్వాలి, మర్నాడు రౌండ్స్‌లో ఎంత వెళ్ళిందో చూడాలి. దాన్ని బంధువులు తెచ్చే ఫ్లాస్కుకూ వాళ్ళ ఆర్థిక స్థోమతకూ వదిలేయడం వైద్యంలో ఒక భాగాన్ని ఆసుపత్రి గుమ్మం బయట పెట్టడమే. గత ఇరవై ఏళ్ళలో ప్రపంచంలో పలుచోట్ల జరిగిన పెద్ద పరిశోధనలు ఈ మాటను బలపరుస్తున్నాయి. అయితే అవి బలపరిచే తీరు మనం అనుకునేదానికి కొంచెం భిన్నంగా ఉంటుంది.

సెలైన్ అన్నం కాదు

ముందుగా తొలగాల్సిన అపోహ సెలైన్ గురించినది. సీసా ఎక్కుతోంది కాబట్టి ఒంటికి బలం అందుతోందని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. మామూలు సెలైన్ ఉప్పునీరు. అందులో కేలరీలు సున్నా. గ్లూకోజు సీసా అంటే సాధారణంగా 5 శాతం డెక్స్‌ట్రోజ్. అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే 85 కేలరీలు. రోజుకు నాలుగు సీసాలు ఎక్కించినా 340 కేలరీలకు మించదు, మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడా ఉండవు. యాభై కిలోల మనిషికి కిలోకు 25 కేలరీల చొప్పున రోజుకు దాదాపు 1,250 కేలరీలు, కిలోకు 1.2 గ్రాముల చొప్పున 60 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకుంటారు. సీసాల లెక్కనూ ఈ లెక్కనూ పక్కపక్కన పెడితే ఆ మనిషి ఆకలితోనే పడుకున్నాడని తేలుతుంది. నీరు మాత్రం ఒంట్లో పేరుకుపోతుంది.

నేరుగా రక్తంలోకి పూర్తి పోషకాలు ఎక్కించే పద్ధతి లేకపోలేదు. పేగు పనిచేయని రోగికి అది ప్రాణాధారం. కానీ ఖరీదెక్కువ, జాగ్రత్త ఎక్కువ. 2014లో ఇంగ్లండులోని 33 ఐసీయూల్లో 2,400 మంది మీద జరిగిన క్యాలరీస్ పరీక్షలో రక్తనాళం ద్వారా పోషణ పొందినవారికీ గొట్టం ద్వారా పొందినవారికీ 30 రోజుల మరణాల్లో తేడా కనబడలేదు. 2011లో బెల్జియంలో 4,640 మందితో చేసిన మరో పరీక్షలో, గొట్టం ద్వారా చాలినంత వెళ్ళడం లేదని తొలి రెండు రోజుల్లోనే రక్తనాళం గుండా లోటు భర్తీ చేసిన వారికంటే వారం ఆగిన వారే త్వరగా కోలుకున్నారు, ఇన్ఫెక్షన్లూ తక్కువ. పేగు పనిచేస్తుంటే పేగునే వాడాలన్న పాత సూత్రం అందుకే నిలబడింది. పేగు లోపలి పొర తనకు కావలసిన పోషణలో చాలా భాగం తన గుండా వెళ్ళే ఆహారం నుంచే తీసుకుంటుంది. రోజుల తరబడి ఏమీ వెళ్ళకపోతే ఆ పొర పలచబడుతుంది. భారత క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలతో పాటు ఐరోపా, అమెరికా సంఘాలవీ చెప్పేది ఒక్కటే: రక్తపోటు నిలకడపడిన రోగికి 24 నుంచి 48 గంటల్లో గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టాలి.

మొదటి వారంలో ఎక్కువ పెడితే మేలా?

తినకపోతే చిక్కిపోతాడు, ఎక్కువ పెడితే త్వరగా లేస్తాడు అనేది ఇంట్లో పెద్దవాళ్ళ తర్కం. చాలాకాలం వైద్యులదీ అదే తర్కం. చిక్కిపోవడం నిజమే. 2013లో లండన్ పరిశోధకులు 63 మంది ఐసీయూ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి చూస్తే పది రోజుల్లో దాని అడ్డుకోత వైశాల్యం సగటున 17.7 శాతం తగ్గిపోయింది. నెలల తర్వాత కూడా మెట్లెక్కలేకపోవడానికి, వల లాగలేకపోవడానికి, నాట్లకు వంగలేకపోవడానికి మూలం ఆ పది రోజుల్లోనే ఉంది. అయితే ఎక్కువ తిండి పెట్టి ఆ నష్టాన్ని ఆపగలమా అని పరీక్షించినప్పుడు వచ్చిన జవాబు చాలామందిని ఆశ్చర్యపరిచింది.

2012లో అమెరికాలో 1,000 మంది ఊపిరితిత్తుల రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆరు రోజుల పాటు నామమాత్రంగా, మరో జట్టుకు పూర్తిగా ఆహారం ఇచ్చారు. మరణాల్లో తేడా లేదు. 2015లో సౌదీ అరేబియా, కెనడాల్లో 894 మందితో చేసిన పరీక్షలో ప్రొటీన్ సమానంగా ఉంచి కేలరీలను సగానికి కాస్త అటూఇటూగా తగ్గించారు. 90 రోజుల మరణాలు 27.2 శాతం, 28.9 శాతం. తేడా లేనట్టే. 2018లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో దాదాపు నాలుగు వేల మందికి మామూలు ఆహారం, ఒకటిన్నర రెట్లు చిక్కనైన ఆహారం ఇచ్చి చూశారు. చిక్కనిదాని వల్ల ప్రాణాలేమీ అదనంగా నిలవలేదు. 2023లో ఫ్రాన్సులో 3,044 మంది మీద జరిగిన న్యూట్రిరియా-3 పరీక్ష ఇంకో అడుగు ముందుకెళ్ళింది. వెంటిలేటర్ మీద, రక్తపోటు మందుల మీద ఉన్న రోగుల్లో మొదటి వారం కిలోకు ఆరు కేలరీలే ఇచ్చిన జట్టు, 25 కేలరీలు ఇచ్చిన జట్టు కంటే కాస్త ముందే ఐసీయూ నుంచి బయటపడే స్థితికి వచ్చింది. వాంతులు, విరేచనాలు, పేగుకు రక్తం అందకపోవడం వంటి ప్రమాదాలు తక్కువ. మరణాల్లో తేడా లేదు. అదే ఏడాది 16 దేశాల్లో 1,301 మందితో జరిగిన పరీక్షలో ప్రొటీన్‌ను కిలోకు 2.2 గ్రాములకు పెంచినా లాభం లేదని, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అది కీడే చేయవచ్చని తేలింది.

దీనికి కారణం ఒంట్లోనే ఉంది. పెద్ద గాయమో, విషమో, ఇన్ఫెక్షనో తగిలినప్పుడు శరీరం తన కండరాన్ని కరిగించి తానే గ్లూకోజు తయారు చేసుకుంటుంది. ఆరోగ్యవంతుడికి అన్నం తినగానే ఆ తయారీ ఆగుతుంది. తీవ్ర రోగంలో తొలి రోజుల్లో అది ఆగదు. మనం బయటి నుంచి పోసేది దానికి అదనమై రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాలేయం మీద భారం పడుతుంది, మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ అవసరం ఎక్కువవుతుంది. రోగం తగ్గుముఖం పట్టాక, అంటే వారం గడిచాక, అదే శరీరం ఇచ్చిన ఆహారాన్ని కండరంగా మార్చుకోగలుగుతుంది. వరికి నాటు వేసిన రోజూ పొట్టకొచ్చిన రోజూ ఒకే నీరు పెట్టకూడదని నెల్లూరు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఐసీయూ ఆహారానిదీ అదే సూత్రం. త్వరగా మొదలుపెట్టాలి, గంటకు పది ఇరవై మిల్లీలీటర్లతో మొదలుపెట్టాలి, మూడు నుంచి ఏడు రోజుల్లో లక్ష్యానికి చేర్చాలి, ఆ తర్వాత తగ్గకుండా చూసుకోవాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. తక్కువ పెట్టినా ఎక్కువ పెట్టినా ఫలితం ఒకటే అయినప్పుడు మన ఆసుపత్రుల్లో ఇస్తున్న కొబ్బరి నీళ్ళతో ఏం నష్టం అని. నష్టం ఉంది. ఆ పరీక్షల్లో తక్కువ ఇచ్చిన జట్టుకు కూడా కొలిచి ఇచ్చారు, కావాలని తక్కువ ఇచ్చారు, కొన్నిటిలో వారం రోజులకే పరిమితం చేశారు. లెక్క లేకుండా మూడు వారాల పాటు తక్కువ వెళ్ళడం వేరు. పైగా ఆ దేశాల రోగుల ఒంట్లో నిల్వలు వేరు. ఆస్ట్రేలియా పరీక్షలో చేరిన సగటు మనిషి మన ప్రమాణాల ప్రకారం స్థూలకాయుడు. రెక్కల కష్టం మీద బతికే మన బక్కపలచటి కూలీకి, క్షయ ఉన్నవాడికి, ఏళ్ళ తరబడి తాగుడుకు బానిసైనవాడికి ఆ నిల్వలు ఉండవు. తక్కువతో మొదలుపెట్టమన్న పరిశోధనల మాటను ‘ఏదో ఒకటి పోస్తే చాలు’ అని చదువుకోవడం ఆ పరిశోధనలకే అన్యాయం. అవి నేర్పింది మోతాదు ముఖ్యమని.

సుబ్బారావు చూపిన భాస్వరం

బక్కచిక్కిన మనిషికి ఒక్కసారిగా తిండి పెడితే ప్రాణం పోవచ్చన్న సంగతి రెండో ప్రపంచ యుద్ధం చివర లోకానికి తెలిసింది. ఆకలి శిబిరాల నుంచి, ముట్టడిలో ఉన్న నగరాల నుంచి బయటపడినవారిలో కొందరు కడుపునిండా తిన్న తర్వాత కుప్పకూలారు. ఆకలికి అలవాటుపడిన ఒంట్లోకి పిండి పదార్థం చేరగానే ఇన్సులిన్ పొంగి, రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి జారిపోతాయి. థయామిన్ అనే విటమిన్ నిల్వలు ఖాళీ అవుతాయి. భాస్వరం పడిపోతే ఊపిరి తీసే కండరం బలహీనపడుతుంది, గుండె లయ తప్పుతుంది. వెంటిలేటర్ నుంచి విడిపించబోతున్న రోగి అకస్మాత్తుగా ఆయాసపడితే కొత్త ఇన్ఫెక్షన్ అనుకుంటారు. అసలు కారణం నిన్న పెంచిన ఆహారం కావచ్చు.

దీన్ని పట్టుకునే పరీక్షకు పునాది వేసినవారిలో ఒకరు తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టి హార్వర్డుకు వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రచురించారు. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తెలుసు. కండరంలో శక్తిని నిలవజేసే భాస్వర సమ్మేళనాలను వారిద్దరూ గుర్తించడానికి దారి వేసింది కూడా ఆ కొలతే. నూరేళ్ళు దాటినా ఆ పరీక్షకు విలువ తగ్గలేదు. 2015లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఆహారం మొదలుపెట్టిన మూడు రోజుల్లో భాస్వరం పడిపోయిన 339 మందిని తీసుకుని, సగం మందికి కేలరీలు తగ్గించి నెమ్మదిగా పెంచారు, మిగతావారికి మామూలుగానే కొనసాగించారు. పరిశోధకులు ప్రధానంగా చూడదలచిన కొలతలో స్పష్టమైన తేడా రాలేదు కానీ, అరవై రోజుల నాటికి తగ్గించిన జట్టులో 91 శాతం, రెండో జట్టులో 78 శాతం బతికి ఉన్నారు. ఖరీదైన యంత్రమేదీ అక్కర లేదు. రోజూ ఒక భాస్వరం పరీక్ష, ఆహారానికి ముందు థయామిన్ ఇంజెక్షన్, తక్కువైతే ఆగి సరిదిద్దే ఓపిక ఉంటే చాలు. సుబ్బారావు పుట్టిన రాష్ట్రంలో, గొట్టం వేసిన బక్కచిక్కిన ప్రతి రోగికీ ఈ పరీక్ష జరగాలని కోరడం అత్యాశ కాదు.

విషం తాగినవారి కడుపు

పొలాలున్న ఏ జిల్లాకైనా ఉన్నట్టే నెల్లూరుకూ పురుగుమందు విషం తప్పని సమస్య. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగినవారు రోజుల నుంచి వారాల దాకా వెంటిలేటర్ మీద ఉండవచ్చు. వీరికి ఆహారం మొదలుపెట్టడానికి వైద్యులు వెనకాడతారు, దానికి కారణాలూ ఉన్నాయి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ పేగు కదలికను మందగింపజేస్తుంది. పొట్ట కడిగిన తర్వాత వాంతి భయం ఉంటుంది. ఈ విషాలు చాలావరకు కొవ్వులో కరిగేవి కాబట్టి కొవ్వున్న ఆహారం వాటి శోషణను పెంచుతుందేమోనన్న అనుమానమూ ఉంది. ఈ ప్రశ్నను మన పొరుగునే ఉన్న వెల్లూరు సీఎంసీ వైద్యులు పరీక్షకు పెట్టారు. 2009లో వెలువడిన వారి అధ్యయనంలో స్థిరపడిన విష రోగులకు తక్కువ కేలరీల ఆహారాన్ని త్వరగా మొదలుపెట్టారు. రోగులు దాన్ని తట్టుకోగలిగారు. దానివల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు మాత్రం తేలలేదు. ఆ ఫలితం చిన్నదే అయినా దారి చూపింది. విషం తాగాడు కాబట్టి వారం పాటు కడుపు ఖాళీగా ఉంచాలన్న అలవాటుకు ఆధారం లేదు. రక్తపోటు నిలకడపడి, పొట్ట ఉబ్బరం లేకపోతే కొంచెంతో మొదలుపెట్టవచ్చు.

ఆపాల్సిన సందర్భాలనూ అంతే స్పష్టంగా చెప్పాలి. రక్తపోటు కోసం మందు మోతాదు గంటగంటకూ పెంచాల్సి వస్తున్న రోగి పేగుకు రక్తం చాలదు. ఆ స్థితిలో పూర్తి ఆహారం పోస్తే పేగు చచ్చుబడే ప్రమాదం ఉంది. 2018లో ఫ్రాన్సులో 2,410 మందితో జరిగిన న్యూట్రిరియా-2 పరీక్షలో షాక్‌లో ఉన్నవారికి గొట్టం ద్వారా పూర్తి ఆహారం ఇచ్చిన జట్టులో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించింది. కడుపులో రక్తస్రావం, పేగు అడ్డంకి ఉన్నప్పుడూ ఆగాల్సిందే. ‘ఇంకా ఏమీ పెట్టలేదా’ అని బంధువులు ఒత్తిడి చేసినప్పుడు, ఎందుకు ఆపారో, మళ్ళీ ఎప్పుడు చూస్తారో చెప్పడం వైద్యుడి ధర్మం.

కొబ్బరి నీళ్ళు, గంజి, పొడి డబ్బా

తీరం ఊళ్ళ నుంచి వచ్చేవారు ఫ్లాస్కుల్లో తెచ్చేవి ఏవో అందరికీ తెలుసు. కొబ్బరి నీళ్ళు, బియ్యపు గంజి, రాగి జావ, పలచని మజ్జిగ, పప్పు మీది కట్టు. వీటి వెనుక ఉన్న ప్రేమను ఎవరూ తక్కువ చేయలేరు. కానీ లెక్క కఠినంగా ఉంటుంది. రోజుకు ఆరుసార్లు, రెండొందల మిల్లీలీటర్ల చొప్పున కొబ్బరి నీళ్ళు పోస్తే 250 కేలరీలు దాటవు. ప్రొటీన్ నామమాత్రం, పొటాషియం మాత్రం దండిగా ఉంటుంది. మూత్రపిండాలు ఆగిన రోగికి అది గుండెను ఆపగల పదార్థం. గొట్టంలో దిగేలా పలచగా కాచిన గంజిలో గ్లాసుకు ఇరవై గ్రాముల బియ్యం ఉంటే, ఆరు గ్లాసులకు 420 కేలరీలు, పది గ్రాముల లోపే ప్రొటీన్. చిక్కగా కాస్తే గొట్టం పూడుకుపోతుంది. ఇక శుభ్రత సంగతి. తెల్లవారుజామున ఊళ్ళో కాచి, బస్సులో తెచ్చి, మధ్యాహ్నం దాకా గది వేడిలో ఉంచిన జావలో సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. ఫిలిప్పీన్స్ ఆసుపత్రుల్లో మిక్సీ పట్టిన ఆహారాన్ని పరీక్షించిన అధ్యయనం 2001లో ఇదే చూపింది. మామూలు మనిషికి విరేచనాలతో పోయేది, రోగనిరోధక శక్తి చచ్చిన ఐసీయూ రోగికి రక్తంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. భారత క్రిటికల్ కేర్ మార్గదర్శకాలు అందుకే తయారీ ఫార్ములాలకు ప్రాధాన్యం ఇచ్చాయి.

‘పొడి డబ్బా కొనలేనివాళ్ళ సంగతేమిటి?’ అన్నది దీనికి వచ్చే న్యాయమైన ఎదురు ప్రశ్న. వెంటిలేటర్ ఖర్చుకే పుస్తెలు తాకట్టు పెట్టినవారికి రోజూ డబ్బా కొనమనడం కష్టం. వంటింటి ఆహారాన్ని పూర్తిగా నిషేధించడం దీనికి జవాబు కాదు. అది ఆసుపత్రి వంటగదిలో, కొలతతో, మరిగించి, మూత పెట్టి, కొద్ది గంటల్లో వాడేలా తయారు కావాలి. ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన గ్రంథంలో ఉన్నాయి. లీటరు ఆవుపాలు, బాగా ఉడికించిన రెండు కోడిగుడ్లు, మొలకెత్తించి పట్టిన రాగిపిండీ బియ్యప్పిండీ కలిపి వంద గ్రాములు, ముప్పై గ్రాముల పెసరపప్పు, పదిహేను మిల్లీలీటర్ల నూనె. వీటన్నిటినీ కూడితే సుమారు 1,370 కేలరీలు, 59 గ్రాముల ప్రొటీన్. యాభై కిలోల మనిషి లక్ష్యానికి దాదాపు సరిపోతుంది. రాగులను మొలకెత్తిస్తే పుట్టే ఎంజైము పిండి పదార్థాన్ని విడగొట్టి జావను పలచబరుస్తుంది, అందువల్ల నీళ్ళు పోసి బలం తగ్గించకుండానే గొట్టంలో దిగుతుంది. ఇది ఇంట్లో చేసి తెమ్మని ఇచ్చే వంటకం కాదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, పాలు పడనితనం ఉన్నవారికి డైటీషియన్ దీన్ని మార్చాలి. మన సంతలో దొరికే సరుకుతో లెక్క కుదురుతుందని చూపడానికే దీన్ని చెప్పడం. వేలాది ఎకరాల రొయ్యల చెరువుల్లో మేతను తూచి, రొయ్యల వయసును బట్టి పెంచే ఈ తీరంలో, మంచాన పడ్డ మనిషి ఆహారాన్ని తూచలేమనడం ఒప్పుకోదగ్గ మాట కాదు.

ఊపిరితిత్తుల భయం

ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళుతుందన్న భయం రోగుల బంధువులకూ, సిబ్బందికీ ఉంది. అది సహేతుకమైన భయమే. దానికి తీసుకోవాల్సిన జాగ్రత్తలు తేలికైనవి, చవకైనవి. బ్రిటన్ వైద్యుడు జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ 1921లో పరిచయం చేసిన సన్నని గొట్టం పేరే నేటికీ మన వార్డుల్లో వాడుతున్నాం. అది పొట్టలో ఉందో లేదో తెలుసుకోవడానికి సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోపుతో చప్పుడు వినడం నమ్మదగ్గ పద్ధతి కాదు. గొట్టం ఊపిరి గొట్టంలో ఉన్నా ఆ చప్పుడు వినిపించవచ్చు. బ్రిటన్ రోగి భద్రతా సంస్థ ఆ పద్ధతిని 2005లోనే వద్దంది. ఎక్స్-రే తీయాలి, లేదా పీల్చిన ద్రవం ఆమ్లగుణాన్ని పీహెచ్ కాగితంతో చూడాలి. 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే పోయాలి. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. 1999లో బార్సిలోనాలో 86 మంది వెంటిలేటర్ రోగులతో చేసిన అధ్యయనంలో తల ఎత్తి పడుకోబెట్టినవారిలో 5 శాతం మందికి, వెల్లకిలా పడుకోబెట్టినవారిలో 23 శాతం మందికి నిర్ధారిత న్యుమోనియా వచ్చింది. మంచం తలవైపు ఎత్తితే సాధించగల లాభం ఇది.

మరోవైపు, అనవసర భయంతో ఆహారం ఆపడమూ నష్టమే. ప్రతి నాలుగు గంటలకూ కడుపులో మిగిలింది తోడి, కొంచెం ఎక్కువ కనిపించగానే ఆపే అలవాటు చాలాచోట్ల ఉంది. 2013లో ఫ్రాన్సులో 449 మంది వెంటిలేటర్ రోగులతో చేసిన పరీక్షలో అలా తోడి చూడకపోయినా న్యుమోనియా పెరగలేదు. వాంతి, ఉబ్బరం లేనప్పుడు ఆ కొలత ఒక్కదాన్నే చూసి ఆపనక్కర లేదు. విరేచనాలు మొదలైతే తప్పంతా ఆహారానిదే అనుకుంటారు కానీ, యాంటీబయాటిక్‌లు, తీపి సిరప్పులు కూడా తరచుగా కారణాలు. స్కానింగ్‌కో ఆపరేషన్‌కో ఆహారం ఆపినప్పుడు మధుమేహ రోగికి ఇన్సులిన్ కూడా ఆపాలి, లేదా తగ్గించాలి. ఈ చిన్న మరుపు రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. బంధువే సిరంజి పట్టి గబగబా పోసే పద్ధతికి ఐసీయూలో చోటు ఉండకూడదు. గొట్టం స్థానం, తల ఎత్తు, పోసే వేగం చూడాల్సింది శిక్షణ ఉన్న చేయి.

ఇది ఎవరి పని?

‘సిస్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఇంత లెక్క ఎవరు రాస్తారు?’ అన్నది చివరి అభ్యంతరం. ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల ఒత్తిడి తెలిసినవారెవరూ ఈ మాటను కొట్టిపారేయలేరు. కానీ కేస్ షీట్‌లో మందుల పట్టిక పక్కన ఒక వరుస పెంచితే సరిపోతుంది. ఈరోజు లక్ష్యం ఎంత, వెళ్ళింది ఎంత, ఆపితే ఎందుకు, భాస్వరం ఎంత. సిస్టర్ ఇప్పటికే గంటగంటకూ రాసే మూత్రం లెక్క పక్కన ఇది పెద్ద భారం కాదు. 2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు నెల్లూరులోనే తేలింది. ఆ తర్వాత నెలల తరబడి కోవిడ్ ఐసీయూల తలుపులు బంధువులకు మూసుకున్నాయి. లోపలి రోగుల ఆహారం పూర్తిగా సిబ్బంది చేతుల్లోకి వెళ్ళింది. అంత గడ్డుకాలంలో మోసిన బాధ్యతను మామూలు రోజుల్లో మళ్ళీ ఫ్లాస్కులకు అప్పజెప్పడానికి కారణం కనిపించదు.

చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రికీ రోజూ రౌండ్స్‌లో నిలబడే డైటీషియన్ ఉండాలి. గొట్టపు ఆహారం తయారీకి వంటగదిలో విడిగా ఒక శుభ్రమైన మూల ఉండాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్యాకేజీల్లో మందుకూ పరికరానికీ ధర కట్టినట్టే ఈ ఆహారానికీ స్పష్టమైన పద్దు ఉండాలి, లేకపోతే పేదవాడి గొట్టంలో ఎప్పుడూ కొబ్బరి నీళ్ళే ఉంటాయి. నర్సింగ్ విద్యార్థులకు పీహెచ్ కాగితం వాడకం చేతితో నేర్పాలి. గొట్టంతోనే ఇంటికి వెళ్ళే పక్షవాత రోగులను మరిచిపోకూడదు. 859 మంది పక్షవాత రోగులతో 2005లో వెలువడిన ‘ఫుడ్’ అనే పరీక్షలో త్వరగా గొట్టం వేసినవారిలో మరణాలు 5.8 శాతం పాయింట్లు తక్కువగా కనిపించాయి, అది గణాంకపరంగా పూర్తిగా ఖాయమైన తేడా కాకపోయినా. ఆ మొదటి వారాల్లో పొట్టకు రంధ్రం పెట్టి వేసే గొట్టం కంటే ముక్కు గొట్టమే నయమని కూడా అదే పరీక్షలోని మరో భాగం సూచించింది. అల్లూరుకో, విడవలూరుకో, ఇందుకూరుపేటకో చేరిన ఆ రోగి ఇంటికి ఏఎన్ఎం వెళ్ళి గొట్టం చూసే ఏర్పాటు ఉండాలి, మళ్ళీ మింగగలుగుతున్నాడేమో పరీక్షించాలి.

కోలుకునే ఆశ లేదని తేలి, ఉపశమనమే ధ్యేయమైన రోగికి ఈ లెక్కలు వర్తించవు. అక్కడ రోగి కోరికకూ కుటుంబంతో మాట్లాడి తీసుకునే నిర్ణయానికీ పెద్దపీట వేయాలి. కానీ బతికే అవకాశం ఉన్న మనిషికి మాత్రం, రోజూ ఎంత వెళ్ళింది అన్న ప్రశ్నకు అంకెలో జవాబు ఉండాలి. ఆ అంకె అడగడం బంధువుల హక్కు, దాన్ని అనుమానంగా తీసుకోకుండా చెప్పడం ఆసుపత్రి బాధ్యత. రెండూ నెల్లూరు ఐసీయూల్లో అలవాటుగా మారిన నాడు, ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళే మనిషి ప్రాణంతో పాటు మళ్ళీ పనికెళ్ళే సత్తువను కూడా కొంతైనా వెంట తీసుకెళతాడు.